వాళ్ళ పేరు మీద పందెం

బహ్రెయిన్‌లో జూదం నిషేధం. నా జన్మలో నేను జూదమాడిన ఒకే ఒక్క చోటు కూడా అదే. ఈ రెండు ముక్కలూ ఎలా పొసుగుతాయని మీరు అడిగేలోపే చెప్పేస్తాను. ఆడింది డబ్బుతో కాదు, ప్లాస్టిక్ బిళ్ళలతో. అది జూదం కాదని మా మరిది, అంటే చెల్లెలి మొగుడు, ప్రసాద్ వాదన. ముమ్మాటికీ జూదమేనని నా వాదన. ఉన్న మూడు వారాల్లో మేమిద్దరం ఏకీభవించింది ఒక్క చేపల పులుసు విషయంలోనే.

నేను కాకినాడలో ఇంటర్ పిల్లలకి సివిక్స్ చెబుతాను. హక్కులు, బాధ్యతలు, పంచాయతీ అధికారాలు. పిల్లలు సగం నిద్రలో వింటారు, పరీక్షలో పూర్తి నిద్రలో రాస్తారు. మా చెల్లెలు విజయ పెళ్ళయి బహ్రెయిన్ వెళ్ళినప్పటి నుంచీ రమ్మంటూనే ఉంది. ఊరికే ఎందుకు రమ్మంటుందని నా అనుమానం. ఏదో పని పడి ఉంటుంది, పిల్లల్ని చూసుకోవాలో, పచ్చళ్ళు పెట్టాలో. చివరికి తొంభైలు సగానికి వచ్చాక, ఈ ఫిబ్రవరిలో కాలేజీకి సెలవు పెట్టి బయల్దేరాను. పచ్చళ్ళు నేనే పెట్టి తీసుకెళ్ళాను, అక్కడికెళ్ళాక మళ్ళీ ఆ పని ఉండకుండా.

ముహర్రక్: ఆవకాయ తనిఖీ

విమానాశ్రయం ముహర్రక్ అనే ద్వీపంలో ఉంది. అక్కణ్ణుంచి సముద్రం మీద వేసిన రోడ్డు దాటితే మనామా నగరం. "గసగసాలు మాత్రం తేకే అక్కా, అవి ఇక్కడ మత్తుమందు కింద లెక్క, జైల్లో పెడతారు" అని విజయ ఫోనులో మరీ మరీ చెప్పింది. కూరలో వేసుకునే గసగసాలకి జైలేమిటి, ఇదేదో నన్ను భయపెట్టడానికి అంటోందనుకున్నాను. తీసుకెళ్ళలేదనుకోండి. అనుమానం మాట అనుమానానిదే, జాగ్రత్త మాట జాగ్రత్తదే.

తెల్లటి పొడుగు చొక్కా తొడుక్కున్న కస్టమ్స్ కుర్రాడు నా పెట్టె తెరిచి, ఆవకాయ సీసా మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆవపిండి ఘాటుకి మూడు తుమ్ములు తుమ్మి, కళ్ళు తుడుచుకుని, "యల్లా, యల్లా" అని చెయ్యి ఊపాడు. పొమ్మని అర్థమట. అంత తేలిగ్గా వదిలేశాడంటే వెనక మరో తనిఖీ ఉంటుందనుకుని గేటు దాటేదాకా సీసా చేతిలోనే పట్టుకున్నాను. ఏమీ లేదు. బయట ప్రసాద్ నవ్వుతూ నిలబడ్డాడు. "ఏంటి వదినగారూ, నాకు బొకేకి బదులు ఆవకాయా?"

బాబ్ అల్ బహ్రెయిన్: మిగిలిన చిల్లర

మర్నాడు పాత బజారుకి వెళ్ళాం. బాబ్ అల్ బహ్రెయిన్ అనే పెద్ద కమాను కింద నుంచి లోపలికి దూరితే సందులే సందులు. బంగారం సందు, బట్టల సందు, సుగంధద్రవ్యాల సందు. ఒక సందు చివర సింధీ వర్తకులు ఎప్పుడో కట్టుకున్న కృష్ణుడి గుడి. చెప్పులు విడిచి లోపలికెళుతూ మూడుసార్లు వెనక్కి తిరిగి చూశాను. "అక్కా, ఇక్కడ ఎవరూ ఎత్తుకెళ్ళరే" అంది విజయ. "అని నీకు చెప్పిందెవరు, ఎత్తుకెళ్ళేవాళ్ళా?" అన్నాను.

అక్కడి హల్వా మన హల్వా కాదు. గోధుమరంగులో, జిగురుగా, వేలు పెడితే వణికేలా ఉంటుంది. యాలకులు, కుంకుమపువ్వు, గుప్పెడు జీడిపప్పు. కొట్టువాడు చెంచాడు రుచి చూడమని ఉచితంగా ఇచ్చాడు. ఉచితం అనగానే నాకు నోట్లో తీపి తగ్గిపోతుంది. కానీ బాగుంది, కాకినాడ కాజా మీద ప్రమాణం చేసి చెబుతున్నాను, బాగుంది. కిలో కొన్నాం.

ఒక మలయాళీ హోటల్లో టీ తాగాం. కప్పు నూరు ఫిల్సులు. వెయ్యి ఫిల్సులైతే ఒక దీనారు, దీనారంటే మన తొంభై రూపాయల పైమాటే. తొమ్మిది రూపాయల టీ! మా కాలేజీ ఎదుట టీకొట్టు సుబ్బారావు వింటే స్టవ్ కట్టేసి ఓడెక్కేస్తాడు. బిల్లు కట్టాక మిగిలిన యాభై ఫిల్సుల బిళ్ళ ప్రసాద్ బల్ల మీదే వదిలేశాడు. నేను తీసి అతని జేబులో వేశాను.

"అది టిప్పు వదినగారూ."

"జీతం ఇచ్చేవాడు వేరే ఉన్నాడు కదా. నువ్వు ఇస్తూ పోతే వాడెందుకు పెంచుతాడు? ఈ దయాదాక్షిణ్యాలన్నీ చివరికి యజమాని జేబులోకే."

కాకినాడ హోటళ్ళలో సోంపు పళ్ళెంలో చిల్లర వదలనందుకు సర్వర్లు నన్ను ఎలా చూస్తారో నాకు తెలుసు. నేనూ వాళ్ళని అలాగే చూస్తాను. ఇక్కడ ఆ మలయాళీ అబ్బాయి మాత్రం నవ్వి ఊరుకున్నాడు. "గురువారం క్లబ్బుకి రండి, అక్కడ టిప్పు ఇచ్చే పద్ధతి చూద్దురుగాని. మీకు కొత్త గొడవ దొరుకుతుంది" అన్నాడు ప్రసాద్. ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలో ఆనందం నాకు నచ్చలేదు.

అద్లియా: వాషింగ్ మెషీను వెంట వచ్చిన సంగతి

విజయ వాళ్ళ ఫ్లాటు అద్లియాలో. కింద అన్నీ హోటళ్ళు, బేకరీలు. పొద్దున్నే ఇరానీ రొట్టెల పొయ్యి దగ్గర వరసలో నిలబడితే నూరు ఫిల్సులకి చేతులు కాలేటన్ని రొట్టెలు. అదొక్కటే నాకు అక్కడ న్యాయంగా తోచిన ధర.

బుధవారం మధ్యాహ్నం వాళ్ళ వాషింగ్ మెషీను సల్మాబాద్ వర్క్‌షాపు నుంచి బాగై తిరిగొచ్చింది. ప్రసాద్ పనిచేసే కంపెనీదే ఆ వర్క్‌షాపు. మోసుకొచ్చిన మనిషికి నలభై లోపే ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, మీసం మీద శ్రద్ధ ఉన్నవాడు. పేరు గంగాధర్. విజయ "అన్నం తిని వెళ్ళు గంగాధర్" అంటే సరేనని వంటింటి గుమ్మంలో కూర్చోబోయాడు. నేను కుర్చీ చూపించాను. కుర్చీ చివర కూర్చున్నాడు.

"ఏ ఊరయ్యా?"

"జగిత్యాల దిక్కు మేడం. దుబాయికొచ్చి ఆరేండ్లాయె."

"ఇది బహ్రెయిన్ కదా, దుబాయి అంటావేంటి?"

"మా ఊళ్లె అన్నీ దుబాయే మేడం. మస్కటు గూడ దుబాయే." పప్పులోకి ఆవకాయ కలుపుకుంటూ ఆగి, "ఇది మాత్రం దుబాయి గాదు" అన్నాడు.

పొగిడేవాళ్ళని నేను నమ్మను. ఇంకో ముక్క వేశాను కానీ నమ్మలేదు. నిజంగానే కాసేపటికి అసలు విషయం బయటికొచ్చింది. వాళ్ళ ఊరి సర్పంచి సీటు ఈసారి ఆడవాళ్ళకి వచ్చింది. అతని భార్య లచ్చవ్వ పోటీకి నిలబడింది. పోలింగు ఇంకో నెలలో. ఎదుటి పక్షంవాళ్ళు "మొగడు దుబాయిల, పెండ్లాం గద్దె మీదనా" అని ఊరంతా ఎగతాళి చేస్తున్నారట. ఓట్లప్పుడు తాను పక్కన ఉండాలి. సెలవు దొరికింది. కంపెనీ ఇచ్చే విమానం టిక్కెట్టుకి మాత్రం ఇంకో ఏడాది గడవాలి.

"సార్‌కు చెప్తె ఏమన్న అయితదేమోనని..." అని విజయ వైపు చూశాడు.

అదీ సంగతి. వాషింగ్ మెషీను ఒక్కడే మోసుకురావడం, అన్నం దగ్గర వినయం, అన్నీ దీనికే. తప్పేం లేదనుకోండి. కానీ నాకు ఆ సమాచారంలో ఇంకో చోట మెలిక కనిపించింది.

"ఆవిణ్ణి నిలబెట్టిందెవరు?"

"నేనే మేడం. ఫోన్ల చెప్పిన."

"గెలిస్తే సర్పంచి ఎవరు?"

"ఆమెనే."

"మరి నువ్వు?"

"నేను చూసుకుంట."

"ఏం చూసుకుంటావు?"

"పనులు మేడం. రోడ్లు, బోర్లు, బిల్లులు."

"ఆవిడ?"

"ఆమె సంతకం వెడ్తది" అన్నాడు గంగాధర్ ఎంతో సంతోషంగా, భార్యకి పెద్దపీట వేసినవాడిలాగా.

విజయ గబగబా మజ్జిగ పోసింది, నేను నోరు తెరవబోతున్నానని గ్రహించి. తెరిచాను. ఆడవాళ్ళకి సీట్లు ఇచ్చింది వాళ్ళ మొగుళ్ళకి కుర్చీలు వేయడానికి కాదని, దీన్ని నేను పాఠంగా చెబుతానని, నీలాంటివాళ్ళ మూలంగానే ఆ పాఠం అబద్ధమైపోతోందని చెప్పాను. అతను మర్యాదగా విన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. "ఆమెకేం తెల్వదు మేడం, మంచిది ఆమె" అని వెళ్ళిపోయాడు.

క్లబ్బు: అబ్బాయిల కోసం ఒక బిళ్ళ

గురువారం సాయంత్రం కంపెనీ వాళ్ళ క్లబ్బులో సంవత్సరానికోసారి చేసే వేడుక. దానికి 'కాసినో సాయంత్రం' అని పేరు. డబ్బు వాడరు. ప్రవేశం టిక్కెట్టుతో పాటు తలా ఒక డబ్బాడు ప్లాస్టిక్ బిళ్ళలు ఇస్తారు. చివరికి ఎవరి దగ్గర ఎక్కువ బిళ్ళలుంటే వాళ్ళకి బహుమతి. ఈ సంవత్సరం బహుమతి ఇండియాకి రానూపోనూ విమానం టిక్కెట్టు.

మధ్యలో పాచికల బల్ల. ఆకుపచ్చ బట్ట పరిచి, చుట్టూ అంచు కట్టి, పడవంత పొడుగుంది. దాని పెత్తనం డెరిక్ అనే ఇంగ్లీషాయనది. ఒకప్పుడు ఓడల మీద జూదశాలల్లో పనిచేశాడట. బల్ల దగ్గర ముగ్గురు పనివాళ్ళు. ఇద్దరు మలయాళీలు బిళ్ళలు ఇచ్చిపుచ్చుకుంటారు. మూడో అతను వంకర కర్ర పట్టుకుని పాచికలు జరుపుతూ, పడిన అంకె గట్టిగా చెబుతాడు. నల్ల బో కట్టుకుని, మీసం దువ్వుకుని, గంగాధర్! మూడేళ్ళుగా క్లబ్బు డ్యూటీ పడితే ఈ పని అతనిదేనట.

ఆట సులువు. రెండు పాచికలు వేస్తారు. మనకి నచ్చిన అంకె మీద బిళ్ళ పెడతాం. ఆ అంకె పడ్డప్పుడల్లా మన బిళ్ళలు పెరుగుతాయి. ఏడు పడిందా, బల్ల మీదున్నవన్నీ ఊడ్చుకుపోతారు. ఏడు పడేలోపు ఎప్పుడైనా మన బిళ్ళలు వెనక్కి తీసుకోవచ్చు. అంతే.

గొడవ ఉన్నది టిప్పులో. ఇక్కడ పనివాళ్ళ చేతిలో ఏమీ పెట్టకూడదు. మన పందెం పక్కనే ఇంకో బిళ్ళ పెట్టి "అబ్బాయిల కోసం" అనాలి. మన అంకె పడితే వాళ్ళకీ పెరుగుతుంది, ఏడు పడితే వాళ్ళదీ పోతుంది. గెలిచినవి వాళ్ళ పెట్టెలో వేస్తారు. ఈ సంవత్సరం ఆ పెట్టెని కూడా పోటీలోకి తీసుకున్నారు. అందరికంటే ఎక్కువ బిళ్ళలు అందులో ఉంటే విమానం టిక్కెట్టు వాళ్ళదే. వస్తే గంగాధర్‌కి ఇచ్చేద్దామని మలయాళీలిద్దరూ ఒప్పుకున్నారని ప్రసాద్ నా చెవిలో చెప్పాడు.

"కమిటీకి అంత మంచి బుద్ధి ఎందుకు పుట్టింది?" అన్నాను.

"ఎలాగూ వాళ్ళకి రాదులెండి, అందుకే ఒప్పుకున్నారు."

మా మరిది నోట అప్పుడప్పుడు నిజం కూడా వస్తుంది.

నేను నేరుగా డెరిక్ దగ్గరికెళ్ళాను. ఇవ్వదలుచుకున్నది చేతికివ్వక పందెంలో పెట్టడమేమిటని అడిగాను. అతను ఎంతో ఓపిగ్గా, "మేడం, చేతికిస్తే అది కూలి. పందెం కాస్తే వాళ్ళు మీతో కలిసి ఆడుతున్నట్టు. మీరు గెలవాలని వాళ్ళూ కోరుకుంటారు" అన్నాడు.

"కోరుకోవడం కోసం ఇచ్చేదాన్ని మా ఊళ్ళో లంచం అంటారు."

అతను నవ్వాడు. నేను నవ్వలేదు.

"నేను ఓడిపోతే నాకు సరదా పోతుంది. మరి వాళ్ళకి?"

"ఆట అంటే అదే కదా మేడం."

"వాళ్ళ బిళ్ళ వెనక్కి తీసుకోవాలో, ఉంచాలో ఎవరు చెబుతారు?"

"మీరే. పెట్టింది మీరు కాబట్టి. పనివాళ్ళు ఆడేవాళ్ళకి సలహా చెప్పకూడదు. అది కచ్చితమైన నియమం."

అంటే పందెం వాళ్ళ పేరు మీద, పెత్తనం మన చేతిలో. నాకు ఒళ్ళు మండింది. ఇలాంటిదే నిన్ననే ఎక్కడో విన్నానని కూడా అనిపించింది. ఎక్కడో గుర్తురావడానికి బోలెడు ఆలోచన అక్కర్లేకపోయింది. కర్ర పట్టుకుని ఎదురుగానే నిలబడి ఉన్నాడు.

నా వంతు వచ్చింది. పాచికలు ముందు వెలుగులో తిప్పి తిప్పి చూశాను, లోపల సీసం పోసి ఉంటారేమోనని. నా వెనక పట్టుచీరల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఎనిమిది మీద నాకో బిళ్ళ, పక్కన ఇంకోటి పెట్టి "అబ్బాయిల కోసం" అన్నాను. మలయాళీ ఒకతను ఆ బిళ్ళతో బల్ల అంచు మీద టక్కున కొట్టాడు. థాంక్స్ చెప్పడం అలాగేనట.

పాచికలు వేశాను. ఎనిమిది. వాళ్ళకి పెరిగినవి తీయకుండా దాని మీదే ఉంచేశాను. మధ్యలో ఏవేవో పడ్డాయి, తర్వాత మళ్ళీ ఎనిమిది! వాళ్ళ దొంతర జానెడైంది. చుట్టూ జనం చేరారు. మిగతా బల్లల దగ్గర ఒక బ్యాంకు ఆఫీసరు అందరికంటే ముందున్నాడు. ప్రసాద్ పెట్టె వైపూ దొంతర వైపూ చూసి, తెలుగులో చెప్పాడు. "వదినగారూ, ఇప్పుడు తీసేస్తే పెట్టె బ్యాంకాయన కంటే కొంచెం తక్కువ పడుతుంది, తర్వాత ఆడేవాళ్ళెవరైనా ఇంకో నాలుగు వేస్తే దాటొచ్చు. ఇంకొక్క ఎనిమిది పడిందా, టిక్కెట్టు వాళ్ళదే."

ఏడు పడిందా, దొంతరంతా పోతుంది.

నేనైతే తీసేసేదాన్ని. చేతికి వచ్చింది వదిలి రానిదాని వెంటపడే రకం కాదు నేను. కానీ అవి నావి కావు కదా. పాచికలు గుప్పిట్లో పట్టుకుని గంగాధర్ మొహం చూశాను. కర్ర చివర చూస్తున్నాడు.

"ఏమయ్యా, ఉంచమంటావా, తీసెయ్యమంటావా?" అన్నాను తెలుగులో.

"మేడం, పనివాళ్ళతో మాట్లాడకూడదు" అన్నాడు డెరిక్.

"మాట్లాడటం లేదు, మా దేవుడికి మొక్కుకుంటున్నాను" అన్నాను ఇంగ్లీషులో.

గంగాధర్ కర్ర బల్ల మీద ఆనించి, అంకెలు పిలిచే రాగంలోనే గొంతెత్తాడు. "ఉంచుండ్రి మేడం, ఉంచుండ్రీ! యల్లా!"

ప్రసాద్ తల పట్టుకున్నాడు. నేను వేశాను. ఒక పాచిక ఆగి అయిదు చూపించింది. రెండోది అంచుకి తగిలి, తిరిగి తిరిగి, రెండు దగ్గర ఆగింది.

"ఏడు" అని పిలవాల్సింది అతనే. పిలిచాడు, గొంతు కొంచెం కూడా తగ్గకుండా. ఊడ్చాల్సిందీ అతనే. ఆ వంకర కర్రతో నా బిళ్ళ, ఆ జానెడు దొంతర, అన్నీ ఒకే ఊపులో లాగేశాడు.

టిక్కెట్టు బ్యాంకు ఆఫీసరుకి వచ్చింది. ఏడాదికి రెండుసార్లు ఇండియా వెళ్ళి వచ్చేవాడే. దాంతో వాళ్ళ అత్తగారిని రప్పించుకుంటానని మైకులో చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

వెళ్ళేటప్పుడు గేటు దగ్గర గంగాధర్ ఎదురయ్యాడు. అతనే అన్నాడు. "మీరేం జేస్తరు మేడం? నేను ఉంచుమన్న, మీరు ఉంచిండ్రు. ఇన్నేండ్లల్ల మమ్ముల అడిగినోల్లే లేరు."

సల్మాబాద్: శుక్రవారం క్యాసెట్టు

శుక్రవారం అక్కడ సెలవు. పొద్దున ప్రసాద్ ఒక మాట చెప్పాడు. గంగాధర్ ఇక వెళ్ళలేడు కాబట్టి భార్యకి మాటలు క్యాసెట్లో నింపి పంపుతాడట, నేను తీసుకెళ్ళాలట. ఉత్తరాల కంటే అక్కడివాళ్ళు క్యాసెట్లే పంపుకుంటారు. సికింద్రాబాద్ స్టేషన్‌కి ఆవిడే వచ్చి తీసుకుంటుందట, రాలేని సంగతి మాత్రం క్యాసెట్లోనే చెబుతాడట.

ఇతరుల పొట్లాలు మోసి జైళ్ళపాలైన వాళ్ళ గురించి నేను చదివాను. "లోపల ఏముందో వినందే తీసుకెళ్ళను" అన్నాను.

"భార్యాభర్తల మాటలు వదినగారూ!"

"విననిదే తీసుకెళ్ళను."

సల్మాబాద్ అంతా గ్యారేజీలు, గోదాములు, వాటి మధ్య కార్మికుల క్యాంపులు. ఆడమనిషి వచ్చిందని వరండాలో లుంగీలు గబగబా సర్దుకున్నాయి. ఎవరో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చారు. ఇంకెవరో పాలు లేని సులేమానీ టీ ఇచ్చారు. ఒక గదిలో ఆరు మంచాలు, మూల కుక్కరు, కిటికీలో టేప్ రికార్డరు. గంగాధర్ ముందు సిగ్గుపడ్డాడు, తర్వాత "ఇనుండ్రి, అండ్ల దాసేదేముంది" అని నొక్కాడు.

విన్నాను. లచ్చవ్వా బాగున్నవా, పిల్లలు బాగున్నరా. అక్కడి నుంచి అన్నీ ఆజ్ఞలే. ఎవరింటికి ముందు పోవాలి, ఎవరికి దండం పెట్టాలి, ఎవరికి పెట్టకూడదు. మైకులో నువ్వు మాట్లాడకు, మా తమ్ముడు మాట్లాడతడు. గెలిచినంక మా తమ్మున్ని అడగకుండ ఏ కాయితం మీద గూడ సంతకం వెట్టకు. పంచాయతి ముద్ర తమ్ముని దగ్గర్నే ఉంచు.

ముద్ర దగ్గరికి వచ్చేసరికి నేనే లేచి నొక్కి ఆపేశాను.

"ఇది నేను తీసుకెళ్ళను."

"ఎందుకు మేడం? అండ్ల తప్పేమున్నది?"

"నిన్న అక్కడ పందెం ఎవరి పేరు మీద ఉంది?"

"మా పేరు మీద."

"ఉంచాలా తీయాలా చెప్పాల్సింది ఎవరు?"

"మీరు."

"నేను నిన్ను అడిగానా లేదా?"

"అడిగిండ్రు."

"మరి ఆవిడ పేరు మీద పోటీ పెట్టి, ఆవిణ్ణి ఒక్క మాట అడిగావా?"

మంచం మీద పడుకున్న ఒకతను "గంగన్నా, దొరికినవు పో!" అని దుప్పటి కప్పుకున్నాడు, దెబ్బ తగలకుండా. గంగాధర్‌కి కోపం వచ్చింది. నేను ఎదురుచూసిందే. వినయం కంటే కోపం నయం, అందులో దాపరికం ఉండదు.

"అడిగితె ఏమాయె మేడం? పోలేదా మొత్తం? మీరు అడగకుండ తీసేసి ఉంటె, పెట్టెల అవన్న ఉంటుండె!"

టీ గ్లాసు కింద పెట్టాను. "పోయింది. కానీ నీ మాట మీద పోయింది. నా మాట మీద పోయి ఉంటే రాత్రంతా నన్ను తిట్టుకునేవాడివి."

"తిట్టుకున్న" అన్నాడు.

గదిలో అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు, కోపంగానే. టీ చల్లారిపోయింది. గంగాధర్ లేచి కిటికీ దగ్గరికెళ్ళి, క్యాసెట్టు వెనక్కి తిప్పి, రికార్డు మీట నొక్కాడు. రీలు తిరుగుతోంది. గొంతు సవరించుకున్నాడు.

"లచ్చవ్వా. నేను వస్తలేను. టికెట్ దొరకలే." మళ్ళీ ఆగాడు. "నిన్ను నిలవెట్టిన గని, నిలవడతవా అని అడగలే. నువ్వేం జేద్దామనుకుంటున్నవో నాకెర్క లేదు. రెండో దిక్కు కాళీగ వెట్టిన. నువ్వు జెప్పి పంపియ్యి. నేను ఇంట."

ఇంకేదో అనబోయి మానేశాడు. మీట ఎత్తబోతుంటే నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"అక్కడ ఆపితే దాని వెనక నీ పాత ఆజ్ఞలన్నీ అలాగే ఉంటాయి. తిరగనీ. మొత్తం చెరిగిపోవాలి."

"మీరు పోండి మేడం, నేను చెరిపి ఇస్త."

"నేను కూర్చుంటాను."

కూర్చున్నాను. నమ్మకం లేక. ఆరుగురు మగవాళ్ళు, నేను, వాకిట్లో ప్రసాద్, ఎవ్వరం మాట్లాడకుండా రీలు తిరిగినంతసేపూ ఉన్నాం. సంతకం పెట్టకు అన్న చోట కుక్కరు కూత పడింది. ముద్ర తమ్ముడి దగ్గర ఉంచమన్న చోట బయట ఎవరో బకెట్‌లో నీళ్ళు నింపారు. మసీదు నుంచి నమాజు పిలుపు వచ్చింది. దుప్పటి కప్పుకున్నతను గురక పెట్టాడు. అవన్నీ క్యాసెట్లోకి వెళ్ళాయి. చివర మీట టక్కున దానంతటదే పైకి లేచింది. అప్పుడు తీసి నా సంచిలో వేసుకున్నాను.

కారెక్కాక ప్రసాద్ ముందు అద్దం సర్దుకున్నాడు. తర్వాత, "వదినగారూ, వాడు ఫోను చేసి మళ్ళీ అవే ఆజ్ఞలు చెబితే?" అన్నాడు.

నా అనుమానం కూడా అదే. కానీ అతనికి తోడు పలకడం ఇష్టం లేక కిటికీ అద్దం దించాను.

సికింద్రాబాద్: రెండో దిక్కు

బొంబాయిలో దిగినప్పుడు కస్టమ్స్ వాళ్ళు హల్వా డబ్బా తెరిపించారు, క్యాసెట్టుని కన్నెత్తి చూడలేదు. సికింద్రాబాద్‌లో నేను కాకినాడ బండి మారాలి. ప్లాట్‌ఫారం మీద ఒకావిడ నా పెట్టె మీద అంటించిన కాగితం చూసి దగ్గరికొచ్చింది. పొట్టిగా, చామనఛాయగా, నుదుట పెద్ద బొట్టు. వెంట వాళ్ళ ఊరివాళ్ళు ఇద్దరు ఆడవాళ్ళు. మగవాళ్ళు ఎవరూ లేరు. గంగాధర్ తమ్ముడు రాలేదా అని వెతికాను.

"మరిదికి చెప్పలే, చెప్తే తనే వస్తననేటోడు" అంది లచ్చవ్వ.

క్యాసెట్టు ఇచ్చాను. ఆవిడ దాన్ని కొంగుతో తుడిచింది.

"ఆయన వస్తుండా మేడం?"

"రావడం లేదు. టిక్కెట్టు దొరకలేదు."

నేను ఓదార్చడానికి సిద్ధపడ్డాను. ఆవిడ భుజాలు కిందికి దిగడం చూశాను, కుండ దించుకున్నట్టు. వెంట ఉన్నావిడ మోచేత్తో ఆవిణ్ణి పొడిచింది. లచ్చవ్వ నవ్వు ఆపుకోలేకపోయింది.

"గట్లనా. పోస్టర్లు కొట్టియ్యాలె. ఆయనొస్తె ఆయన ఫోటోనే పెద్దగ ఏస్తరని కొట్టుడు ఆపిపెట్టిన." తర్వాత కొంచెం సర్దుకుని, "ఏం జెప్పిండు అండ్ల?" అంది.

"నువ్వే విను."

"మీరు ఇనే ఉంటరు గద. జెప్పుండ్రి."

నన్ను చూసిన నిమిషంలో ఇంత కచ్చితంగా కనిపెట్టిన మనిషి నాకు ఇంతవరకు తగల్లేదు. చెప్పాను. నిన్ను అడగకుండా నిలబెట్టానన్నాడు, నువ్వేం చేద్దామనుకుంటున్నావో చెప్పి పంపమన్నాడు, రెండో వైపు నీకోసం ఖాళీగా ఉంచాడు అని. మొదటివైపు ఎక్కువ భాగం కుక్కరు కూత వినిపిస్తుందని, కంగారు పడవద్దని కూడా చెప్పాను.

ఇది రాసేనాటికి అక్కడ ఓట్లు ఇంకా పడలేదు. ఆవిడ గెలుస్తుందో లేదో, గెలిచాక ముద్ర ఎవరి దగ్గర ఉంటుందో నాకు తెలియదు. ఎవరి దగ్గర ఉంటుందన్నదాని మీద నా అనుమానం నాకుంది. తెలిసింది ఒక్కటే, ఆ ప్లాట్‌ఫారం మీద నా కళ్ళతో చూసింది.

లచ్చవ్వ క్యాసెట్టు తిప్పి రెండో వైపు చూసింది.

"ఎంతసేపు వస్తది మేడం, ఈ దిక్కు?"

"అరగంట."

ఆవిడ వెంటవచ్చిన ఇద్దరి మొహాలూ చూసి, మళ్ళీ క్యాసెట్టు చూసి, తల అడ్డంగా ఊపింది.

"సాల్దు" అని, ఎదురుగా ఉన్న దుకాణంలో ఖాళీ క్యాసెట్టు ఎంతో అడగడానికి వెళ్ళింది.